గ్రాముల మామ పిడతకు రివర్సు గేరు

కత్తెరత్త మొగుడు తూకం కాటాలు బాగుచేస్తాడు. బజారులో ఏ కొట్టులో ముల్లు వంకరపోయినా, ఏ తరాజు ఒక పక్కకు మొగ్గినా ఆయన దగ్గరికే రావాలి. వస్తువు చేత్తో పట్టుకుని బరువు చెప్పేస్తాడు కాబట్టి ఆయన్ని గ్రాముల మామ అన్నారు. ఆవిడ బట్టలు కుడుతుంది, చేతిలో కత్తెర ఆడకుండా నోట్లో మాట ఆడదు కాబట్టి ఆవిడ కత్తెరత్త అయింది. ఇంటి ముందుగదిలో కిటికీ వైపు సగం ఆవిడ కుట్టు మిషనుది, తలుపు వైపు సగం ఆయన కాటాలది. మధ్యలో గోడా లేదు, గీతా లేదు. కానీ ఆవిడ దారప్పోగు ఒక్కటి ఎగిరొచ్చి ఆయన పళ్ళెంలో పడిందంటే ఆ పూటకు ఆ ఇంట్లో ఇంకో పని జరగదు.

గ్రాముల మామ నిజాయితీ గురించి బజారులో ఎవర్నడిగినా చెబుతారు. అది మెచ్చుకోలో తిట్టో మాత్రం వినేవాళ్ళే తేల్చుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన మామగారి కిరాణా కొట్టుకు వెళ్ళాడు. కొత్తల్లుడొచ్చాడని మామగారు కుర్చీ వేయించాడు. ఈయన కుర్చీలో కూర్చోకుండా తరాజు దగ్గరికెళ్ళి, పళ్ళెం ఒకసారి వేలితో ఆడించి, కొట్టు నిండా జనం ఉండగా, "మావయ్యగారూ, మీ తరాజు కిలోకి ఇరవై గ్రాములు మింగేస్తోందండీ" అన్నాడు. మామగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను అల్లుణ్ణి తెచ్చుకున్నాననుకున్నా. తనిఖీ ఆఫీసర్ని తెచ్చుకున్నా" అని పోయేదాకా చెప్పుకున్నాడు.

అలాంటి మనిషితో కాపురమంటే మాటలా! సుమారుగా, ఇంచుమించు, దాదాపు అనే మాటలు ఆ ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు. "దాదాపు అయిపోయిందండీ" అని కత్తెరత్త వంటింట్లోంచి అంటే, "అయిందా, కాలేదా?" అని తలుపు వైపు నుంచి ప్రశ్న వచ్చేది. ఆవిడ మాత్రం తక్కువ తిందా? "మీ తల మీద వెంట్రుకలెన్నో చెప్పండి, అప్పుడు చెబుతా" అనేది. వయసు పైబడ్డాక ఆ ప్రశ్నకు జవాబు తేలికైపోయింది గానీ, అలవాటు కొద్దీ ఆవిడ అడుగుతూనే ఉండేది.

ఇక పిడత సంగతి. కాపురం కొత్తగా ఉన్న రోజుల్లోనే గ్రాముల మామకు సొంతంగా కారు చేసుకోవాలని పురుగు కుట్టింది. పాత స్కూటరు ఇంజను తెచ్చాడు. సైకిలు గొట్టాలు అతికించి చట్రం చేశాడు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, పైన చెక్క డొప్ప. "బండి పెట్రోలు తాగేది దాహంతో కాదు, బరువుతో" అనేది ఆయన సిద్ధాంతం. అందుకని ప్రతి ముక్కనూ కాటా మీద పెట్టకుండా బిగించలేదు. పక్క తలుపులకు బందులు, గడియలు కావాలి, అది బరువు. కాబట్టి తలుపు ఒక్కటే, అదీ ముందు వైపు, బీరువా తలుపులా బయటికి తెరుచుకునేది. హారన్ బరువు. "అది లేకపోతే ఎలాగండీ?" అని అడిగితే, "పక్కన నువ్వు కూర్చుంటావుగా" అన్నాడు. రివర్సు గేరు పెద్ద బరువు. "మనిషి ముందుకే నడుస్తాడు. బండికి మాత్రం వెనక్కి నడవాల్సిన ఖర్మేం పట్టింది?" అన్నాడు. అన్నీ తీసేశాక మిగిలిన దాన్ని చూసి వీధిలో జనం పిడత అని పేరు పెట్టారు. దాని వీపు మీద ఆయన స్వయంగా పెయింటుతో "లీటరుకు అరవై" అని రాసుకున్నాడు. అరవై అంటే అరవయ్యే. యాభై తొమ్మిదీ ముప్పావు అయ్యుంటే అలాగే రాసేవాడు.

మొదటిసారి ఆ పిడతలో కత్తెరత్తను వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్ళాడు. గంజి పెట్టిన కొత్త చీర కట్టుకుని ఆవిడ మహారాణిలా కూర్చుంది. అక్క ఇల్లు సందు చివర ఉంటుంది, ఆ తర్వాత దారి లేదు. గోడ నీడలో ఆపితే పెట్రోలు ఆవిరి కాదని లెక్కవేసి గ్రాముల మామ బండిని గోడకు ముక్కు ఆనేదాకా పోనిచ్చి, ఇంజను ఆపాడు. తలుపు ముందు వైపు. ముందు గోడ. వెనక్కి వెళ్దామంటే గేరు లేదు. ఇద్దరూ లోపల అలాగే కూర్చున్నారు. కాసేపటికి అక్క మొగుడు వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అద్దంలోంచి తొంగి చూసి, "మిమ్మల్ని లోపలికి రమ్మనాలా, బయటికి రమ్మనాలా?" అని అడిగాడు. సందులో జనమంతా పోగయ్యారు. చివరికి నలుగురు మగవాళ్ళు పిడతను తోక పట్టుకుని లాగారు. గంజి చీరంతా చెమటకు మెత్తబడి, దిగీ దిగగానే కత్తెరత్త ఒట్టు పెట్టుకుంది.

"ఈ పిడత వెనక్కి నడిచిన రోజే మళ్ళీ ఇందులో ఎక్కుతా!"

"అయితే ఇంక ఎక్కవు" అన్నాడు గ్రాముల మామ.

ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులే. పిడత కొన్నేళ్ళు ఒక్క మనిషితోనే తిరిగి, తర్వాత పెరట్లో రేకుల షెడ్డులో పడింది. కత్తెరత్త దాన్లో గుడ్డ పేలికల మూటలు కుక్కి ఆ మాత్రం కక్ష తీర్చుకుంది.

ఇదంతా పాత ముచ్చట. అసలు కథ వంతెనతో మొదలైంది. ఏటి అవతల ఒక కుట్టు బడి ఉంది. అందులో కత్తిరింపు నేర్పే టీచరమ్మ మానేసింది. కత్తెరత్త పనితనం తెలిసిన అక్కడి పెద్దావిడ కబురు పంపింది: కొత్త నెల మొదటి రోజు కొత్త క్లాసు మొదలవుతుంది, ఆ రోజుకు వస్తే ఉద్యోగం నీది, రాకపోతే ఇంకొకరిది. చిన్నప్పుడు బడి మాన్పించి కుట్టు మిషను ముందు కూర్చోబెట్టిన దగ్గర్నుంచి కత్తెరత్తకు ఒకటే కోరిక. నల్లబల్ల ముందు నిలబడాలి, ఎవరైనా తనను "టీచర్" అని పిలవాలి. ఆ కబురు విన్నాక ఆవిడ ఒక రవికెకు రెండు చేతులూ ఎడమవే కుట్టేసింది. అంత సంతోషం.

తీరా చూస్తే వంతెన బలం తప్పిందని బస్సులు ఆపేశారు. రెండు వైపులా సిమెంటు స్తంభాలు పాతి సందు బాగా ఇరుకు చేశారు. కార్లు పట్టవు, ఆటోలు పట్టవు. నడుద్దామంటే కత్తెరత్త మోకాళ్ళు ఎప్పుడో సమ్మె కట్టాయి. స్కూటరు వెనక కాలెత్తి కూర్చోవడం కూడా ఆ మోకాళ్ళకు చేతకాదు. మనుషుల్ని ఎక్కించుకునే రిక్షాలు ఊళ్ళో ఎప్పుడో పోయాయి. ఆవిడ ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఏమీ తినకుండా లేచిపోయింది. గ్రాముల మామ పొద్దున్నే లేచి షెడ్డు తలుపు తీసి, టార్పాలిన్ లాగి, పేలికల మూటలు ఒక్కొక్కటే బయటికి విసరడం మొదలుపెట్టాడు. టేపు పెట్టి పిడత వెడల్పు కొలిచాడు.

"స్తంభాల మధ్య పడుతుంది. నాలుగంగుళాలు మిగులుతుంది కూడా" అన్నాడు.

కత్తెరత్త గుండె ఒక్కసారి ఎగిరింది. వెంటనే ఒట్టు గుర్తొచ్చింది. "ఇది వెనక్కి నడుస్తుందా?"

"నడవదు."

"అయితే నేనెక్కను."

"ఎక్కకు. పేలికలు ఎక్కడ పెట్టమంటావు?"

ఇలా ఉంటుంది వాళ్ళ అనురాగం. మర్నాడు కత్తెరత్త తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వంతెన చూడ్డానికి వెళ్ళింది. తమ్ముడికి లేతు మిషను షాపు ఉంది, బావను ఏడిపించడం అతనికి రెండో వృత్తి. కత్తెరత్త మెల్లగా వంతెన మొదలు దాకా నడిచి, కాపలావాడి స్టూలు లాక్కుని కూర్చుంది. వంతెన మీద ఒక బండికే చోటు. ఎదురుబొదురుగా రెండొస్తే?

"సరుకున్నవాడిదే దారమ్మా. ఖాళీగా వచ్చేవాడు వెనక్కి పోవాలి. ఇక్కడ అదే రూలు" అన్నాడు కాపలావాడు.

"మనుషులుంటే?"

"మనుషులు సరుకు కాదుగా."

కత్తెరత్త ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు భద్రంగా ఇంటికి తెచ్చింది. గ్రాముల మామ అప్పుడు పిడత పెట్రోలు ట్యాంకు ఊడదీసి, దాన్లో గులకరాళ్ళు పోసి, లోపలి తుప్పు రాలేలా చేటలో బియ్యం చెరిగినట్టు ఊపుతున్నాడు. ఆ గలగలలో ఆవిడ గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"వంతెన మీద సరుకు బండి ఎదురొస్తే మనమే వెనక్కి రావాలట! ముక్కుకు ముక్కు ఆనితే తలుపు కూడా తెరుచుకోదు. దిగి తోసుకుంటామన్నా కుదరదు. ఈసారి గోడ ముందు కాదు, ఏటి మీద కూర్చుంటాం. చూడ్డానికి ఊరంతా వస్తుంది!"

గలగల ఆగింది. పక్కనే ఉన్న తమ్ముడు అందుకున్నాడు. "బావా, నువ్వు బండిని ఎంత తేలిక చేస్తే అంత వెనక్కి పోవాల్సిందే. నీ సిద్ధాంతమే నిన్ను వెనక్కి లాగుతోంది చూశావా!"

గ్రాముల మామ బామ్మర్ది వంక చూసిన చూపుకు ఇంకొకడైతే ఇంటికెళ్ళిపోయేవాడు. ట్యాంకులోంచి రాళ్ళు కుమ్మరించి, ఒక మాట అన్నాడు.

"రివర్సు పెడితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే అరవై రాదు. వీపు మీద అబద్ధం రాసుకుని తిరిగే బండిని నేను నడపను. గేరు ఎంత బరువుంటే అంత బరువు బండిలోంచి తియ్యండి. గ్రాముకి గ్రాము. తీస్తే పెడతా."

"తీస్తా" అంది కత్తెరత్త. ఎలా తీస్తుందో ఆవిడకు అప్పటికి తెలియదు.

తమ్ముడు ఒక పాత సామాన్ల ఆటోలోంచి రివర్సు గేరు పెట్టె ఊడదీసి తెచ్చాడు. ఇంజనుకు, గొలుసుకు మధ్య కూర్చునేలా దానికి లేతు మీద కొత్త ఇరుసు తిప్పాడు. దాన్ని చూస్తేనే కత్తెరత్తకు నీరసం వచ్చింది. ఏడు కిలోల పైచిలుకు ఇనుము. బండి చుట్టూ తిరిగింది, వేళ్ళతో తట్టి చూసింది. పక్కల చెక్క తడికి ఉబ్బి, పొరలుపొరలుగా లేస్తోంది. ఆవిడకు చటుక్కున తోచింది. కారని ఎందుకనుకోవాలి? దీన్నొక లావుపాటి మనిషనుకుంటే పోలా? చెక్కంతా పీకించి, సన్నటి రేకు పట్టీలతో పక్కటెముకలు కట్టించి, వాటి మీద కాన్వాసు గుడ్డ కొలిచి, కత్తిరించి, చొక్కా కుట్టినట్టు కుట్టింది. ముందు చక్రాల దగ్గర గుండ్రంగా చంక కత్తిరింపు పెట్టింది. వాన నీళ్ళు దూరకుండా రెండు మడతల కుట్టు వేసి, పైన వార్నీషు పూయించింది. వెనక చూడ్డానికి మూడు గుండీల కిటికీ పెట్టింది. కూర్చునే చోట పాతకాలపు పీచు మెత్త పీకేసి నవారు అల్లింది. గ్రాముల మామ ఈ పక్క కార్బురేటరు విప్పి, సన్నటి తీగతో దాని రంధ్రాలు పొడిచి, ఎండిన పెట్రోలు జిగురు గోకుతూ అంతా చూస్తున్నాడు. బాగుందనలేదు. కానీ కుట్టిన చొక్కా తొడిగిన రోజు పిడత చుట్టూ రెండుసార్లు తిరిగి, కుట్టు మీద బొటనవేలు రాసి చూశాడు. ఆవిడకు అది చాలు.

తూకం వేసే రోజు దగ్గర పడింది. ఆయన బజారుకు వెళ్ళిన సమయం చూసి కత్తెరత్త ఆ ఇంట్లో ఎవరూ చేయని సాహసం చేసింది. ఆయన పెద్ద తరాజు ముట్టుకుంది. బండిలోంచి తీసిన చెక్కలు, మెత్త, తుప్పు కమ్మీలు ఒక పక్క, బండికి వాడినంత గుడ్డ, నవారు, రేకు పట్టీలు, వాటితో పాటు గేరు పెట్టె ఇంకో పక్క పెట్టి తూచింది. తీసిన వైపు ఒకటిన్నర కిలో పైనే తక్కువొచ్చింది. ఆవిడకు ఏడుపొచ్చింది. నెల మొదటి రోజు వచ్చేస్తోంది. ఇంకా పీకుదామంటే పిడతలో చక్రాలు తప్ప ఏం లేవు. పీచు మెత్త వంక చూసింది. చెంబు వంక చూసింది. పీచుకు దాహం ఎక్కువ. రెండు చెంబుల నీళ్ళు మెత్త మధ్యలో మెల్లగా పోసి, అంతా పీల్చుకున్నాక, పైకి తడి తెలియకుండా కొత్త గుడ్డ గలీబు తొడిగేసింది. ఆ రెండు చెంబులూ చాలవని ఆవిడకు తెలుసు. మూడో చెంబు పోస్తే కింద కారుతోంది. మిగిలిన దానికి బేరమాడదాం, ఏడుద్దాం, అవసరమైతే అలుగుదాం అనుకుంది.

తూకానికి తమ్ముడు సాక్షి. గ్రాముల మామ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తూకమంటే ఆయనకు అంత మర్యాద. ఒక్కొక్క ముక్కా చేత్తో తీసి పళ్ళెంలో పెడుతున్నాడు. పీచు మెత్త దగ్గరకొచ్చాడు. ఎత్తాడు. చేతిలో అలాగే పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. కత్తెరత్త దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడింది.

"పాత పీచు" అన్నాడాయన. "బరువు బాగానే ఉంది."

"అప్పటి సరుకు గట్టిదండీ" అంది ఆవిడ.

"గాలికి ముల్లు ఆడుతోంది. నువ్వు కిటికీ వెయ్యి. ఒరేయ్, నువ్వు ఆ తలుపు గడియ పెట్టు."

ఇద్దరూ వేసి వెనక్కి తిరిగేసరికి పళ్ళాలు రెండూ మెల్లగా ఊగుతున్నాయి. ఊగి ఊగి ఆగాయి. ముల్లు నిట్టనిలువుగా నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"సరిపోయింది" అన్నాడు గ్రాముల మామ.

తమ్ముడు ఈల వేశాడు. "అక్కా, నీ కత్తెరకు దండం! బావ తరాజే ఒప్పుకున్నాక ఇంకెవడు కాదంటాడు?" కత్తెరత్త మాత్రం ముల్లు వంక నోరు తెరుచుకుని చూసింది. ముల్లు నిలబడకూడదు. తన లెక్క ప్రకారం పావు కిలో పైగా తక్కువ రావాలి. నిన్న తను తప్పు తూచిందా? ఎవర్ని అడుగుతుంది? అడిగితే చెంబుల సంగతి బయటపడుతుంది.

గేరు బిగించారు. మీట కోసం పాత తరాజు కాడ ఒకటి కోసి పెట్టారు. నెల మొదటి రోజు పొద్దున్న కత్తెరత్త మళ్ళీ గంజి పెట్టిన చీరే కట్టుకుని, కత్తెర, టేపు, సుద్ద ముక్కలు సంచిలో వేసుకుని బయటికొచ్చింది. వీధి వీధంతా అరుగుల మీద ఉంది. పిడత కొత్త చొక్కాలో నిగనిగలాడుతోంది. వెనక వైపు వెళ్ళి చూసింది. పాత రాత ఉన్న చోట, గుడ్డ మీద కొత్తగా పెయింటుతో రాసి ఉంది. ఆవిడ రెండుసార్లు చదివింది. "లీటరుకు దాదాపు అరవై."

"బావా, ఏంటిది? దాదాపా?" అని తమ్ముడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒంట్లో బాగుందా నీకు?"

"పాత ఇంజను. ఎక్కవే, టైమవుతోంది" అని గ్రాముల మామ మొహం తిప్పుకున్నాడు. కత్తెరత్తకు ఏదో అర్థమైనట్టే ఉంది గానీ, తలుపు పడగానే ఇంజను మోతలో ఆ ఆలోచన కొట్టుకుపోయింది.

స్తంభాల మధ్య నుంచి పిడత నాలుగంగుళాలు మిగుల్చుకుని దూరింది. కాపలావాడు స్టూలు మీంచి లేచి సెల్యూట్ కొట్టాడు. సరిగ్గా వంతెన నడిమధ్యకు వచ్చేసరికి ఎదురుగా పాల రిక్షా, నిండా క్యాన్లతో. ముక్కుకు ముక్కు ఆనింది. పాలవాడు గంట కొట్టి, "సరుకుంది మామా!" అని అరిచాడు. రిక్షా వెనక ఇంకో రెండు తోపుడు బళ్ళు. అందరూ చూస్తున్నారు.

గ్రాముల మామ తరాజు కాడ లాగాడు. గేరు కర్రుమని పడింది. పిడత పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మొదటిసారి వెనక్కి కదిలింది. ఆయన మాత్రం ముందుకే చూస్తున్నాడు.

"వెనక్కి చూడండి!" అని కత్తెరత్త కేకేసింది.

"వెనక్కి చూస్తే చెయ్యి ఎటు తిరుగుతోందో తెలియట్లేదే!" ఆయన గొంతులో నిజంగానే భయం. ఒక చక్రం గోడ అంచుకు రాసుకుంది.

ఆవిడ మోకాళ్ళ మాట పక్కనపెట్టి వెనక్కి తిరిగి, మూడు గుండీలూ విప్పి, కిటికీలోంచి తల పెట్టింది. "మీరు ముందుకే చూడండి. నేను చెబుతా. కుడికి రెండంగుళాలు!"

"అంగుళాలు చేతికేం తెలుస్తాయి!"

ఆవిడకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే దారి తోచింది. "సరే, కుడి చేత్తో పావు కిలో నొక్కండి!"

ఆయన పావు కిలో నొక్కాడు. పిడత గోడను వదిలి ఇవతలికి వచ్చింది.

"ఇప్పుడు ఎడమకి వంద గ్రాములు... చాలు... ఇంకో యాభై... వదలండి!"

పిడత ఆ చివరిదాకా ఒక్కసారి కూడా గోడ తగలకుండా వెనక్కి నడిచి, స్తంభాల మధ్య నుంచి సూదిలో దారంలా బయటికొచ్చింది. పాలవాడు పక్కనుంచి పోతూ, "అత్తా, రేపు కూడా ఇదే టైముకొస్తా!" అన్నాడు. కాపలావాడు చప్పట్లు కొట్టాడు. గ్రాముల మామ చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ఒకప్పటి గంజి చీర గుర్తొచ్చి కత్తెరత్త పడీ పడీ నవ్వింది. ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

రెండోసారి దారి ఖాళీగా దొరికింది. కుట్టు బడి దగ్గర నీడ చూసుకుని, అలవాటు కొద్దీ, గ్రాముల మామ బండిని గోడకు ముక్కు ఆనేదాకా పోనిచ్చి ఇంజను ఆపాడు. ఇద్దరూ గోడ వంక చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా గంట కొట్టలేదులే" అంది ఆవిడ. ఇంజను ఆగాక మనసులో తొలుస్తున్నది బయటికొచ్చేసింది. "ఏమండీ, ఒక మాట. ఆ పీచు మెత్తలో నేను నీళ్ళు పోశాను."

"తెలుసు. రెండు చెంబులు."

"తెలిసి కూడా ఊరుకున్నారా?"

గ్రాముల మామ గోడ వంకే చూస్తూ అన్నాడు. "రెండు చెంబులు చాల్లేదు."

జేబులో చెయ్యి పెట్టి, గుప్పిట్లో పట్టేంత సీసం ముక్క తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఒక పక్కన ఇంకా మైనం అంటుకుని ఉంది. తూకం నాడు కిటికీ, తలుపు వేయించి, ఆయన దీన్ని పళ్ళెం అడుగున అంటించాడు. ఇరవై గ్రాముల కోసం మామగారి పరువు తీసిన మనిషి. కత్తెరత్త ఆ ముక్కను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనకు చీరలు కొన్నాడు, జబ్బు చేస్తే పక్కన కూర్చున్నాడు. ఏనాడూ తూకం తప్పలేదు. తన కోసం అదొక్కటీ తప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, కానీ ఆవిడ నోరు ఊరుకునే నోరా?

"మా నాన్న బతికుంటే మీకు ఇంకో కుర్చీ వేయించేవాడు."

"బజార్లో మాత్రం అనకు" అన్నాడాయన దీనంగా. "ఇలా ఇయ్యి, ఏట్లో పారేస్తా."

"ఇవ్వను" అని ఆవిడ దాన్ని సంచిలో వేసుకుంది. "ముందు బండి వెనక్కి తియ్యండి. నేను దిగాలి."

ఆయన తరాజు కాడ లాగాడు. పిడత రెండడుగులు వెనక్కి నడిచింది. తలుపు తెరుచుకుంది.

లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఆడపిల్లలు, గోడకు నల్లబల్ల. కత్తెరత్త గుడ్డ పరిచింది. ఫ్యాను గాలికి గుడ్డ అంచు లేస్తోంది. సంచిలోంచి సీసం ముక్క తీసి దాని మీద పెట్టింది. గుడ్డ కదలకుండా నిలబడింది. ముందు వరసలో పిల్ల ఒకతె దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇంత చిన్నదానికి ఇంత బరువా! ఎంతుంటుంది, టీచర్?" అని అడిగింది.

ఆ చివరి మాట కత్తెరత్త ఒక్క క్షణం కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత సుద్ద ముక్క చేతిలోకి తీసుకుంది.

"అది మా ఆయన్ని అడిగి చెబుతా" అంది. "తూకం దగ్గర ఆయన అబద్ధమాడరు."